గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటోంది, పరీక్ష మాత్రం అన్నవాహికకు రాశారు. ఎందుకు?

రాత్రిడ్యూటీ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. కొన్ని నెలలుగా నా గొంతులో చిన్న ఉండలాంటిది ఏదో ఇరుక్కుని ఉన్నట్టు ఉంటోంది. గొంతుముడికి కాస్త కింద, ఒక్కోసారి కొంచెం ఎడమవైపుగా. నొప్పి లేదు. మింగితే దిగదు, కక్కితే రాదు.

నేను టెలిఫోన్ సహాయ కేంద్రంలో రాత్రిపూట పని చేస్తాను. ఫోన్ మోగి అవతలి మనిషితో మాట్లాడుతున్నంతసేపూ ఆ ఉండ సంగతే గుర్తుండదు. ఫోన్ పెట్టేసి ఊరికే కూర్చున్నానా, మళ్ళీ మొదలు. ఉమ్మి మింగుతాను, గొంతు సవరించుకుంటాను, మళ్ళీ మింగుతాను. ఎంత మింగితే అంత పెద్దదవుతున్నట్టు ఉంటుంది. భోజనం చేసేటప్పుడు మాత్రం అది ఉండదు. ఇది నాకు అసలు అర్థం కావడం లేదు.

ఈఎన్‌టీ డాక్టరు గారు ముక్కులోంచి కెమెరా పెట్టి చూసి స్వరపేటిక బాగుందన్నారు. మెడకు స్కానింగ్ తీశారు, థైరాయిడ్ మామూలుగానే ఉంది. తర్వాత ఎండోస్కోపీ చేశారు, అదీ నార్మల్. యాసిడ్ తగ్గించే మాత్రలు వాడుతున్నాను, పెద్దగా తేడా లేదు. ఒకరు టెన్షన్ అన్నారు. టెన్షన్ ఉన్న మాట నిజమే, కానీ నాకు తెలుస్తున్నది ఊహ కాదు. మా ఆఫీసులో ఒకరి నాన్నగారికి గొంతు క్యాన్సర్ వచ్చింది. ఆయన కూడా మొదట్లో ఏదో అడ్డం ఉన్నట్టుందనే చెప్పేవారట. అది విన్న దగ్గర్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు.

ఇప్పుడు గ్యాస్ట్రో డాక్టరు గారు అన్నవాహికకు మానోమెట్రీ (లోపలి ఒత్తిడిని కొలిచే పరీక్షట), దాంతోపాటు యాసిడ్‌ని కొలిచే 24 గంటల పీహెచ్ పరీక్ష రాశారు. బాధ గొంతులో ఉంటే ఛాతీలో ఉండే గొట్టాన్ని ఎందుకు చూడటం? ఎండోస్కోపీలో కనబడనిది ఇందులో ఏం కనబడుతుంది? అసలే గొంతులో ఏదో ఉన్నట్టుంటే, ముక్కులోంచి గొట్టం వేస్తే నేను తట్టుకోగలనా? చేయించుకున్నవాళ్ళు, ఈ పని తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

మానోమెట్రీ_మాధవి జవాబు:

రాత్రిడ్యూటీ గారూ, నేను ఈ పరీక్ష చేసే ల్యాబ్‌లో చాలా ఏళ్ళుగా టెక్నీషియన్‌గా ఉన్నాను. డాక్టర్ని కాను, మీకు ఏముందో తేల్చడం నా పని కాదు. కానీ ఆ గొట్టం వేసేది నేనే, గుటకలు లెక్కపెట్టేది నేనే. మీరు అడిగినవి ఆ మంచం మీద పడుకున్నవాళ్ళు దాదాపు అందరూ అడిగేవే.

ముందు క్యాన్సర్ సంగతి చెప్తాను, ఆ భయం ఉండగా మిగతాది చెవికెక్కదు. నొప్పి లేకపోవడం, తినేటప్పుడు మాయమవడం, ఉత్తి ఉమ్మి మింగితే పెరగడం, ధ్యాస వేరేచోట ఉంటే తెలియకపోవడం, ఇవి గ్లోబస్ అనే సమస్య తీరు. ఏ జబ్బూ లేని మనుషుల్లో కూడా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇలా అనిపిస్తుంది. గొంతులోనో అన్నవాహికలోనో గడ్డ ఉంటే కథ వేరుగా నడుస్తుంది. ముద్ద దిగడం రానురానూ కష్టమవుతుంది, మింగితే నొప్పి వేస్తుంది, బొంగురుపోయిన గొంతు మూడు వారాలు దాటినా బాగుపడదు, ఒకవైపు చెవిలోకి పోటు వస్తుంది, మెడలో గడ్డ తగులుతుంది, కారణం లేకుండా బరువు తగ్గుతుంది, ఉమ్మిలో రక్తం కనబడుతుంది. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే డాక్టరుకి చెప్పాలి. మీ విషయంలో పైనుంచి కింది దాకా కెమెరాతో చూశారు. దాన్ని తక్కువగా తీసుకోకండి.

ఇక గొంతు బాధకు అన్నవాహిక పరీక్ష ఎందుకంటే, గొంతు ఎక్కడ అయిపోతుందో అక్కడే అన్నవాహిక మొదలవుతుంది. ఆ మొదట్లో, స్వరపేటిక వెనకాలే, కండరంతో చేసిన ఒక వాల్వ్ ఉంది. మనం మింగనంతసేపూ అది బిగిసి మూసుకునే ఉంటుంది. లేకపోతే ఊపిరి తీసిన ప్రతిసారీ గాలి పొట్టలోకి పోతుంది. గుటక వేసినప్పుడు అర సెకను పాటు తెరుచుకుని మళ్ళీ మూసుకుంటుంది. మనిషి ఒత్తిడిలో ఉన్నప్పుడు ఈ వాల్వ్ బిగువు పెరుగుతుందని కొలిచి చూపించారు. గ్లోబస్ ఉన్న కొందరిలో ఊపిరి తీసి వదిలేటప్పుడు ఆ బిగువు మామూలుకన్నా ఎక్కువగా పైకీ కిందికీ ఊగుతుందని కూడా తేలింది. మీరు వేలు పెట్టి చూపిస్తున్న చోటు ఇంచుమించు అదే. కాబట్టి టెన్షన్ అన్న డాక్టరు మాటా, నాకు తెలుస్తున్నది ఊహ కాదన్న మీ మాటా రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

ఇంకో కారణం కూడా ఉంది. అన్నవాహిక అడుగున ఏదైనా జరిగితే అది సరిగ్గా ఎక్కడ జరిగిందో మెదడుకు స్పష్టంగా తెలియదు. గొంతు కబురూ అన్నవాహిక కబురూ వేగస్ నరం మీదుగానే ఎక్కువగా మెదడుకు చేరతాయి. పొట్ట ముఖద్వారం దగ్గర ముద్ద ఆగినా, యాసిడ్ అక్కడే తాకినా, మెడ కింది గుంటను చూపించేవాళ్ళు ఉన్నారు. గొంతులో అడ్డం ఉంటే ఛాతీని చూపించేవాళ్ళు మాత్రం అరుదు. అందుకే మీరు ఎంత కచ్చితంగా "ఇక్కడే" అన్నా డాక్టరు కింది చివర దాకా చూడాలంటారు.

ఎండోస్కోపీ లోపలి పొరను చూపిస్తుంది. పుండు, గడ్డ, దారి సన్నబడటం లాంటివి అందులో తెలుస్తాయి. కండరం ఎలా పని చేస్తోందో దానితో సరిగ్గా తేల్చలేం. అన్నవాహిక పొడవు పెద్దవాళ్ళలో సుమారు 25 సెంటీమీటర్లు. గుటక వేయగానే పైనుంచి ఒక బిగువు అలలా బయల్దేరి సెకనుకు మూడు, నాలుగు సెంటీమీటర్ల చొప్పున ముద్దను కిందికి నెడుతుంది. అది చేరేలోపు అన్నవాహిక పొట్టలో కలిసేచోట ఉండే కింది వాల్వ్ వదులై ఉండాలి. అల బలంగా ఉందా, మధ్యలో తెగిపోతోందా, తొందరపడుతోందా, కింది వాల్వ్ నిజంగా వదులవుతోందా అన్నది మానోమెట్రీ చెప్తుంది.

గొట్టం గురించి చెప్తాను, భయపడకండి. పెన్సిల్ కంటే సన్నగా, సుమారు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఒక్కో సెంటీమీటరుకూ ఒక సెన్సార్ చొప్పున సాధారణంగా 36 ఉంటాయి. ముందు కనీసం నాలుగు గంటలు ఏమీ తినకుండా రావాలి. ముక్కులో తిమ్మిరెక్కించే జెల్ పెడతాం. కూర్చోబెట్టి, స్ట్రాతో నీళ్ళు తాగుతూ ఉండమంటాం. మీరు గుటక వేస్తుంటే నేను గొట్టం జరుపుతాను. ముక్కు దాటి గొంతు మలుపు తిరిగేటప్పుడు వెలపరం వస్తుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అది కొద్ది క్షణాలే. ఆ మలుపు దాటాక చాలామంది "ఇంతేనా" అంటారు. ఊపిరికి ఏ అడ్డమూ ఉండదు, మాట్లాడొచ్చు కూడా. తర్వాత పడుకోబెట్టి 5 మిల్లీలీటర్ల నీళ్ళు చొప్పున పది గుటకలు. ఆపైన 2 మిల్లీలీటర్ల చొప్పున వెంటవెంటనే ఐదు గుటకలు, లేచి కూర్చున్నాక 5 మిల్లీలీటర్ల చొప్పున మరికొన్ని, చివర్లో 200 మిల్లీలీటర్ల నీళ్ళు ఆపకుండా తాగడం. మానోమెట్రీ ఎలా చేయాలో, ఫలితాన్ని ఎలా చదవాలో చెప్పే షికాగో వర్గీకరణ అని ఒకటుంది, 2021లో వచ్చిన దాని నాలుగో వెర్షన్‌లో ఈ పద్ధతే ఉంది. మొత్తం అరగంటలోపే అయిపోతుంది.

మీలాంటివాళ్ళకు గొట్టం కన్నా కష్టమైనది ఇంకొకటి ఉంది. ఒక గుటకకూ ఇంకో గుటకకూ మధ్య సుమారు అర నిమిషం మింగకుండా ఉండాలి. గొంతులో ఏదో ఉన్నట్టున్న మనిషికి అది చాలా పెద్ద పని. మధ్యలో ఇంకో గుటక పడితే మొదటి అల అక్కడే ఆగిపోతుంది, శరీరం తీరే అంత. తెరమీద అది జబ్బులా కనిపిస్తుంది. అందుకే అలాంటి గుటకను లెక్కలోంచి తీసేసి ఇంకోటి అడుగుతాం. నోట్లో ఉమ్మి ఊరితే టిష్యూలో తుడిచేయండి, నాలుకను కింది పళ్ళ వెనక ఆనించి ఉంచండి, నెమ్మదిగా ముక్కుతో ఊపిరి తీయండి. వీలైతే ఇంట్లో ముందే కాస్త అలవాటు చేసుకు రండి. రాకపోయినా ఫర్వాలేదు, మేము ఆగుతాం.

ఇంకో మాట, తెర చూపించమని అడగండి. ఒత్తిడి ఎక్కువ ఉన్నచోట ఎర్రగా, తక్కువ ఉన్నచోట నీలంగా కనిపిస్తుంది. పైన ఎప్పుడూ ఒక రంగు పట్టీ ఉంటుంది, గుటక వేసినప్పుడు మాత్రం క్షణంపాటు తెగి మళ్ళీ అతుక్కుంటుంది. అదే ఆ పై వాల్వ్. అది చూశాక కొందరి ముఖంలో మార్పు నేను గమనించాను. తమకు తెలుస్తున్నదానికి ఒక రూపం కనిపించినట్టు ఉంటుందేమో.

ఇప్పుడు మీరు నాకు ఒకటి చెప్పాలి. తినేటప్పుడు ఆ ఉండ ఉండదన్నారు, సరే. కానీ తిన్నది ఎప్పుడైనా ఛాతీలో ఆగినట్టు అనిపించిందా? మాత్రలు, ఎండుగా ఉండే పదార్థాలు, పెద్ద ముక్కలు? నీళ్ళు తాగితే గానీ దిగలేదన్న సందర్భం ఉందా? "ఏదో ఉంది" అనడం వేరు, "ఏదో ఆగింది" అనడం వేరు. మొదటిది ఒక్కటే అయితే, అపాయ సూచనలు ఏవీ లేకపోతే, మానోమెట్రీ లేకుండానే చాలామంది డాక్టర్లు ముందుకు వెళ్తారు, చేసినా చాలాసార్లు మామూలుగానే వస్తుంది. రెండోది కూడా ఉంటే మాత్రం ఈ పరీక్ష తప్పించుకోకండి.

కిటికీపక్కసీటు జవాబు:

మాధవి గారు చివర అడిగిన ప్రశ్న నన్ను ఎవరైనా ముందే అడిగి ఉంటే బాగుండేది. నాదీ గొంతు దగ్గర అడ్డం అనే మొదలైంది. నేను వెళ్ళిన మొదటి చోట యాసిడ్ అని మాత్రలు ఇచ్చి పంపేశారు, తినేటప్పుడు ఎలా ఉందని అడగలేదు. ఎండోస్కోపీ కూడా నార్మల్ అని వచ్చింది.

అప్పటికే నేను ప్రతి ముద్దకూ నీళ్ళు తాగుతున్నాను. ఛాతీ మధ్యలో ఆగితే లేచి నిలబడి, చేతులు పైకెత్తి, వెన్ను నిటారుగా చేస్తే దిగేది. అందరూ తిని లేచాక కూడా నేను ప్లేటు ముందే ఉండేవాడిని. రాత్రి పడుకుంటే తాగిన నీళ్ళు నోట్లోకి తిరిగి వచ్చేవి, దగ్గుతో లేచేవాడిని. ఘనపదార్థాలే కాదు, నీళ్ళు కూడా ఆగేవి. చివరికి బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే అది కిందికి పోకుండా గొట్టంలో నిలబడిపోయింది, అడుగున దారి పక్షి ముక్కులా సన్నగా కనిపించింది. మానోమెట్రీలో అకలేషియా, రెండో రకం అని తేలింది. కింది వాల్వ్ వదులు కావడం లేదు, అల కూడా లేదు.

నాకు పోయెమ్ అనే పద్ధతిలో నోట్లోంచే ఎండోస్కోప్ పంపి ఆ కండరాన్ని కోశారు. జపాన్‌లో డాక్టర్ హరుహిరో ఇనౌయే 2008లో మనుషుల మీద మొదలుపెట్టిన పద్ధతి అది. ఇప్పుడు ముద్ద దిగుతోంది. పోయెమ్ తర్వాత యాసిడ్ పైకి రావడం చాలామందిలో ఉంటుంది, నాకూ ఉంది, దానికి మందు వాడుతున్నాను.

మిమ్మల్ని భయపెట్టడానికి రాయడం లేదు రాత్రిడ్యూటీ గారూ. ఇది ఏడాదికి లక్షమందిలో సుమారు ఒకరికి కొత్తగా వచ్చే జబ్బు. మీరు చెప్పినవాటిలో నా లక్షణాలు లేవు. కానీ డాక్టరు దగ్గర "అడ్డంగా ఉంది" అని ఒక్క ముక్కతో ఆపేయకండి. ఏం తింటే, ఎప్పుడు, ఎక్కడ ఆగింది, ఎలా దిగింది అన్నది రాసుకుని వెళ్ళండి.

రాత్రిడ్యూటీ మళ్ళీ రాశారు:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. మాధవి గారూ, మీరు అడిగాక ఆలోచిస్తే ఉంది. పెద్ద మాత్ర వేసుకున్నప్పుడు ఛాతీ మధ్య దాకా వెళ్ళి కాసేపు అక్కడే ఉండిపోయినట్టు అనిపిస్తుంది. ఎండుగా ఉన్నవి హడావుడిగా తింటే ఒక్కోసారి గట్టిగా పట్టేసి నీళ్ళతో గానీ దిగదు. అది ఎప్పుడోగానీ జరగదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు, దీనికీ గొంతుకీ సంబంధం ఉంటుందనుకోలేదు. నీళ్ళు ఎప్పుడూ ఆగలేదు, రాత్రి వెనక్కి రావడం లేదు, బరువు తగ్గలేదు.

యాసిడ్ మాత్రలు పరీక్షకు ముందు ఆపమన్నారు. పని చేయనివి ఇన్నాళ్ళూ ఎందుకు వాడించారో కూడా అర్థం కాలేదు.

మానోమెట్రీ_మాధవి జవాబు:

ఇది మీ డాక్టరుకి తప్పకుండా చెప్పండి. చెప్పినప్పుడు ఒక ప్రశ్న కూడా అడగండి: ఎండోస్కోపీలో అన్నవాహిక నుంచి బయాప్సీ ముక్కలు తీశారా? ఘనపదార్థం అప్పుడప్పుడు పట్టేసే మనిషిలో ఇసినోఫిలిక్ ఈసోఫజైటిస్ అనే అలర్జీ తరహా వాపు ఉండొచ్చు. కంటికి లోపలి పొర మామూలుగా కనిపించినా అది ఉండే అవకాశం ఉంది. రెండు వేర్వేరు ఎత్తుల నుంచి కనీసం ఆరు ముక్కలు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే గానీ తేలదు. అలాగే పై వాల్వ్‌కి సరిగ్గా కింద పొట్ట లోపలి పొరలాంటి చిన్న మచ్చ కొందరికి పుట్టుకతో ఉంటుంది, ఇన్‌లెట్ ప్యాచ్ అంటారు. గొంతులో ఉండలా అనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు. స్కోప్ ఆ భాగాన్ని త్వరగా దాటేస్తుంది కాబట్టి ప్రత్యేకంగా చూడకపోతే తప్పిపోతుంది. రిపోర్టులో దాని ప్రస్తావన ఉందేమో చూడండి.

మాత్రల గురించి: గొంతు లక్షణాలు యాసిడ్ వల్లే అన్న అనుమానంతో ముందు మాత్రలు ఇచ్చి చూడటం చాలాకాలంగా ఉన్న అలవాటు. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు కూడా ఉన్నవాళ్ళలో దానికి అర్థం ఉంది. గొంతు లక్షణాలు మాత్రమే ఉన్నవాళ్ళ సంగతి వేరు. బ్రిటన్‌లో ఎనిమిది ఈఎన్‌టీ కేంద్రాల్లో 346 మందిని తీసుకుని, కొందరికి లాన్సోప్రజోల్ 30 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు 16 వారాలు, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. 2021లో ఫలితం ప్రచురించారు. గొంతు బాధ రెండు గుంపుల్లోనూ తగ్గింది, మందు వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. అందుకే ఇప్పుడు ఊహించి నెలల తరబడి మందు వాడించే బదులు, యాసిడ్ నిజంగా పైకి వస్తోందో లేదో కొలిచి చూడటమే నయమని నేను గట్టిగా నమ్ముతాను. మీకు రాసిన 24 గంటల పరీక్ష దానికే. ఇంతకుముందు యాసిడ్ జబ్బు రుజువు కాని మనిషికి మాత్రలు వారం రోజులు ఆపించి చేస్తారు. ఎప్పుడు ఆపాలో మీ డాక్టరు చెప్పినట్టే ఆపండి. ఇతర మందులు కూడా అన్నీ చెప్పండి. నొప్పికి వాడే ఓపియాయిడ్లు అన్నవాహిక కదలికను మార్చేస్తాయి, అకలేషియాలా కనిపించేటంతగా.

ఆ పరీక్షలో గొట్టం ఇంకా సన్నం. దాన్ని ముక్కు పక్కన టేపుతో అంటించి, నడుముకి చిన్న రికార్డర్ కట్టి ఇంటికి పంపేస్తాం. ఆ రోజు మామూలుగా తినండి, పని చేసుకోండి. గొట్టం ఉందని మెతకగా, తక్కువగా తిని పడుకుంటే మాకు మీ అసలు రోజు దొరకదు. రికార్డర్ మీద బటన్ ఉంటుంది, లక్షణం వచ్చినప్పుడు నొక్కమంటాం. మీకు ఆ ఉండ రోజంతా ఉంటుంది కదా, ఎప్పుడు నొక్కాలని అడుగుతారు. నొక్కడానికి ముందు రెండు నిమిషాల్లో యాసిడ్ వచ్చిందా అని మేము చూస్తాం కాబట్టి, ఎప్పుడూ ఉండేదానికి అలా నొక్కితే ప్రయోజనం లేదు. ఉన్నట్టుండి బాగా పెరిగినప్పుడు, లేదా మంట, తేన్పు, దగ్గులాంటివి వచ్చినప్పుడు నొక్కండి. ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు పడుకున్నారు అన్నది కచ్చితంగా రాయండి. రాత్రి డ్యూటీ చేస్తారు కాబట్టి ఇది మరీ ముఖ్యం, లేకపోతే మేము మీ పగటి నిద్రను మెలకువ అనుకుంటాం.

స్వరసాధన జవాబు:

నేను స్పీచ్ థెరపిస్టుని. పరీక్షలు ఎలాగూ జరుగుతాయి, ఈలోగా మీరు చేయదగినది ఒకటి రాస్తాను.

ఊరికే ఉమ్మి మింగడం, గొంతు సవరించుకోవడం, ఈ రెండూ ఆ ఉండను పోషిస్తున్నాయి. వరుసగా మింగితే నోట్లో ఉమ్మి అయిపోతుంది, ఆ తర్వాత వేసేది ఉత్తి గుటకే. ఉత్తి గుటకకి గొంతు కండరాలు బిగుస్తాయి, మింగడానికి మాత్రం ఏమీ ఉండదు. సవరించుకున్నప్పుడు స్వరతంత్రులు గట్టిగా ఒకదానికొకటి కొట్టుకుంటాయి. రెండింటి వల్లా ఆ చోటు మీదకే మళ్ళీ ధ్యాస పోతుంది. దీనికి ముందు మందు ఇవ్వను, అలవాటు మారుస్తాను. సవరించుకోవాలనిపించినప్పుడు ఒక చిన్న గుక్క నీళ్ళు. నీళ్ళు అందుబాటులో లేకపోతే పెదాలు కలిపి మెల్లగా "మ్" అని హమ్ చేయండి. ఫోన్లకి మధ్య దవడ వదులుగా వేలాడనిచ్చి, ఆవలింత వచ్చినట్టు నోరు తెరిచి, "హా" అని నిట్టూర్పులా గాలి వదలండి. భుజాలు చెవుల దగ్గరికి వచ్చేశాయేమో గమనించి కిందికి దించండి. హెడ్‌సెట్‌లో ఎక్కువసేపు మాట్లాడేవాళ్ళకి నాలుక మొదలు, మెడ ముందుభాగం బిగుసుకుపోవడం నేను తరచూ చూస్తాను.

కొన్ని వారాలు పడుతుంది. ఒక్కరోజులో పోలేదని వదిలేయకండి. కుదిరితే ఒక థెరపిస్టు దగ్గర ఎదురుగా కూర్చుని నేర్చుకోండి, ఎక్కడ బిగిస్తున్నారో అవతలి మనిషికే ముందు కనిపిస్తుంది.

రాత్రిడ్యూటీ మళ్ళీ రాశారు:

పరీక్షలు రెండూ అయ్యాయి. గొంతు మలుపు దగ్గర మాధవి గారు చెప్పినట్టే కళ్ళలో నీళ్ళు వచ్చాయి, తర్వాత తట్టుకోగలిగాను. మింగకుండా ఉండటమే నిజంగా కష్టం. అక్కడి సిస్టరు చాలా ఓపికగా ఆగారు. తెర అడిగి చూశాను. ఆ పై పట్టీని చూసినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రిపోర్టులో ఇలా ఉంది: పది గుటకల్లో ఏడు మామూలు అలలు, మూడు బలహీనం. ఐఆర్‌పీ 9. వెంటవెంటనే గుటకల తర్వాత అల బలం పెరిగింది అని రాశారు. యాసిడ్ ఎక్స్‌పోజర్ టైమ్ 1.8 శాతం. బయాప్సీ గురించి అడిగితే అప్పుడు తీయలేదన్నారు, మాత్ర ఆగడం గురించి చెప్పాక మళ్ళీ ఎండోస్కోపీ చేసి తీద్దామంటున్నారు. డాక్టరు గారిని కలిసేది వచ్చే వారం. ఈలోగా "మూడు బలహీనం" అన్న మాటే తలలో తిరుగుతోంది.

మానోమెట్రీ_మాధవి జవాబు:

ఆ మాట దగ్గర ఆగిపోకండి. ఏ జబ్బూ లేనివాళ్ళను పడుకోబెట్టి పది గుటకలు వేయించినా ఒకటో రెండో మూడో బలహీనంగా రావడం నేను రోజూ చూసేదే. షికాగో నాలుగో వెర్షన్ ప్రకారం అన్నవాహిక కదలిక సరిపోవడం లేదు అనాలంటే 70 శాతానికి మించి గుటకలు లోపంతో ఉండాలి, లేదా కనీసం సగం గుటకలకు అల అసలు పుట్టకపోవాలి. మీవి 30 శాతం. ఐఆర్‌పీ అంటే కింది వాల్వ్ వదులైనప్పుడు అక్కడ మిగిలే ఒత్తిడి. ఎక్కువ ల్యాబ్‌ల్లో వాడే పరికరంలో పడుకుని చేసినప్పుడు 15 దాకా మామూలే, వేరే కంపెనీ పరికరమైతే హద్దు కొంచెం వేరుగా ఉంటుంది. మీది 9. కిటికీపక్కసీటు గారికి ఉన్న జబ్బు మీకు లేదని చెప్పే అంకె ముఖ్యంగా అదే. వెంటవెంటనే వేసిన ఐదు గుటకల తర్వాత అల బలం పెరిగిందంటే అవసరమైనప్పుడు కండరం ఇంకా శక్తి తెచ్చుకోగలదు. యాసిడ్ ఎక్స్‌పోజర్ టైమ్ అంటే పరీక్ష జరిగిన సమయంలో ఎంత శాతం సేపు అన్నవాహికలో యాసిడ్ ఉందన్నది. అది 4 శాతం లోపు ఉంటే మామూలు, 6 దాటితే జబ్బు ఉన్నట్టు. 1.8 చూశాక యాసిడ్ మాత్రలు కొనసాగించాలా వద్దా అన్నది వచ్చే వారం మీరు డాక్టరుతో నేరుగా మాట్లాడాల్సిన విషయం.

అంతా మామూలుగా వస్తే కొందరు దిగులుపడటం చూశాను, బాధకు పేరు దొరకలేదని. గ్లోబస్ అనేది పేరున్న సమస్యే. పరీక్షల్లో పైకి ఏమీ కనబడని జీర్ణవ్యవస్థ సమస్యలను గుర్తించడానికి డాక్టర్లు వాడే రోమ్ ప్రమాణాల్లో దానికి చోటుంది. గొంతులో, అన్నవాహికలో వేరే జబ్బు లేదని, యాసిడ్ కారణం కాదని, కదలికలో పెద్ద లోపం లేదని చూసుకున్నాకే ఆ మాట గట్టిగా అనాలని అందులో ఉంది. మీరు ఇప్పుడు ఆ దారిలో చాలా దూరం వచ్చారు. స్వరసాధన గారు చెప్పినవి కొనసాగించండి. వాటితో తగ్గకపోతే నరాల సున్నితత్వాన్ని తగ్గించే మందులు తక్కువ మోతాదులో ఇచ్చి చూసే డాక్టర్లు ఉన్నారు, అడగండి.

మాత్ర ఆగడం మాత్రం వేరే ఖాతాలో పెట్టండి. బయాప్సీ చేయించండి. మాత్రలు కూర్చుని, గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోండి, వేసుకున్న వెంటనే పడుకోవద్దు. డ్యూటీ నుంచి వచ్చి మాత్ర మింగి మంచమెక్కే అలవాటు ఉంటే అది అన్నవాహికలోనే ఉండిపోయి పుండు చేయొచ్చు. ఆగడం తరచు అవుతున్నా, నీళ్ళు కూడా ఆగడం మొదలైనా, బరువు తగ్గుతున్నా ఈ నార్మల్ రిపోర్టు చూసుకుని ఊరుకోకుండా మళ్ళీ వెళ్ళండి. తిన్నది పూర్తిగా పట్టేసి ఉమ్మి కూడా దిగకపోతే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే గంటలో ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

బయాప్సీలో ఏం వచ్చిందో ఇక్కడ రాయండి.